విధి యనిన నేమి? - బడిపిల్లల క్షేమమును గూర్చి యొక విచారణ

మన తెలుగున 'విధి' యను మాటకు రెండర్థములు కలవు. తప్పించుకొన వీలులేని దైవఘటన యొకటి. తప్పక చేయవలసిన కర్తవ్యము రెండవది. ఒకే మాట రెండు విధముల పనికివచ్చుట భాషకు సొంపే కాని, మనుష్యుల నడవడికి మాత్రము ఒక్కొక్కప్పుడు చేటు తెచ్చుచున్నది. రెండవ విధిని నెరవేర్పనివారు మొదటి విధి చాటున దాగికొనుటకు ఈ మాట మంచి మరుగగుచున్నది. పసిబిడ్డలకు బడిలో ఆపద కలిగినపుడు ఈ దాగుట మరింత స్పష్టముగ కానవచ్చును. కావున ఈ సంచికలో ఆ విషయమునే విచారింప తలచితిమి. మేము శాస్త్రపండితులము కాము. పాఠశాలాంత్య పరీక్షతో చదువు ముగించి, కాగితములను దొంతరలుగ పేర్చుచు ఉద్యోగకాలమంతయు గుమాస్తాగిరిలో గడపినవారము. అయినను కాగితమునకును నిజమునకును నడుమ ఎంత దూరముండునో చూచినవారమగుటచే, ఈ విషయమున రెండు మాటలు చెప్పుటకు మాకును కొంత అర్హత కలదని తలంచుచున్నాము.

కావేరీతీరమునందలి కుంభకోణము మనవారికి క్రొత్త ఊరు కాదు. తంజావూరు నాయకరాజుల కాలమునుండియు తెలుగు కుటుంబములు ఆ సీమలో నెలకొనియున్నవి. రఘునాథనాయకుని పేరు విననివారు మనలో అరుదు. అట్టి యూరిలో 2004వ సంవత్సరము జూలై 16వ తేదీ శుక్రవారమునాడు పగలు పదునొకండు గంటల ప్రాంతమున ఒక పాఠశాలయందు అగ్నిప్రమాదము సంభవించి 94 మంది పిల్లలు మరణించిరి. మధ్యాహ్న భోజనము వండు వంటయింట పుట్టిన మంట అచటి ఆకుల కప్పునకు అంటుకొని, మేడమీద చిన్న తరగతుల పిల్లలు కూర్చున్న చోటి కప్పునకు ప్రాకినది. అదియును ఆకుల కప్పే. దిగివచ్చుటకు మెట్లదారి ఇరుకు. ఒక్క కట్టడములోనే వందలకొలది పిల్లలు. కప్పు కాలి మీద పడుటకు ఎంతోసేపు పట్టలేదు.

ఆ వార్త వచ్చిననాడు దక్షిణదేశమున ఏ యింటను ముద్ద సరిగా దిగలేదు. ఆ దినములలోనే మాకు మిక్కిలి గౌరవనీయులైన పెద్దలొకరు నిట్టూర్చి, "ఏమి చేయుదుమండీ, ఆ పసివాండ్ర ఆయువు అంతవరకే వ్రాసియున్నది" అనిరి. వారు దయలేనివారై అట్లు అనలేదు. దుఃఖము మోయలేనపుడు మనవారు తలవ్రాత యను ఊతకఱ్ఱను పట్టుకొందురు. కన్నతల్లికి అట్టి మాట ఒక ఓదార్పు కావచ్చును. ఆమె నోట ఆ మాట వచ్చినచో తప్పుపట్టుటకు మనమెవరము? కాని అదే మాట బడి యజమాని నోట వచ్చినపుడు, తనిఖీ చేయవలసిన అధికారి నోట వచ్చినపుడు, ఊరి పెద్దల నోట వచ్చినపుడు అది ఓదార్పు కాదు, లెక్క అప్పగించకుండ తప్పించుకొనుట యగును. మాట యొక్కటియే, పలికిన నోటినిబట్టి దాని ధర్మము మారుచున్నది.

ఈ భేదమును మన పూర్వులు ఎరుగకపోలేదు. ఒకరి సొత్తును నమ్మకముతో మరియొకరి వద్ద దాచియుంచుటను ధర్మశాస్త్రములందు నిక్షేపమనిరి. మన తెలుగున దానికే ఇల్లడ యని పేరు. అట్లు దాచిన సొత్తు నశించినచో ఎవరు బాధ్యులని వారు విచారించిరి. రాజు వలన గాని, దైవము వలన గాని, దొంగల వలన గాని పోయినచో దాచుకొన్నవాడు తిరిగి ఇచ్చుకొన నక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. దాచుకొన్నవాని సొంత సొత్తు కూడ దానితోపాటు నశించినచో ఆ నష్టము సొత్తుదారునిదేయని నారదస్మృతి యనును. ఈ రెండు మినహాయింపులను పైపైన చూచినవారు దైవము పేరు చెప్పి తప్పించుకొనవచ్చుననుకొందురు. కాని ధర్మశాస్త్రకారులు అచ్చటితో ఆగలేదు. వాడుకొని పోగొట్టినచో వడ్డీతో సహా ఇయ్యవలెననియు, ఉపేక్షవలన పోగొట్టినచో సరిసమానముగ ఇయ్యవలెననియు, తెలియనితనమువలన పోగొట్టినచో కొంచెము తగ్గించి ఇయ్యవలెననియు విభజించిరి. దీనిలోని సూక్ష్మమును చదువరులు గమనింపవలెను. "మాకు తెలియదండీ" అన్న మాటకు శాస్త్రము కొంచెము తగ్గింపు మాత్రమే ఇచ్చినది. పూర్తి మాఫీ ఇయ్యలేదు.

ఒక చెంబునకు, ఒక నగకు ఇంత విచారణ యున్నపుడు, ఉదయము తల దువ్వి, అన్నము పెట్టి, చేయి పట్టుకొని తీసికొనిపోయి బడివాకిట విడిచిన బిడ్డకు ఎంత విచారణ యుండవలెను? బిడ్డకు సరిసమానముగ తిరిగి ఇచ్చుటకు లోకమున ఏమున్నది? పోయిన తరువాత చెల్లింప వీలులేని ఇల్లడను తీసికొన్నవారు, పోకుండ కాపాడుటయందే తమ ఋణము తీర్చుకొనవలెను గాని వేరు దారి లేదు. పాఠశాలల విషయమున ముందుజాగ్రత్త దయాధర్మము కాక ఋణమగుట ఇందువలననే.

నారదుని మాటను పట్టుకొని ఇంకొక ప్రశ్న వేయవచ్చును. కాపలాయున్నవారు కూడ ప్రాణములు కోల్పోయినచో అప్పుడైనను అది దైవఘటన యందుమా? ఈ ప్రశ్నకు జపాను దేశమున ఒక న్యాయస్థానము ఇచ్చిన సమాధానము మనము తెలిసికొనదగినది. 2011 మార్చి 11వ తేదీన ఆ దేశపు ఈశాన్యతీరమున గొప్ప భూకంపమును, వెంటనే సముద్రపు ఉప్పెనయు వచ్చినవి. ఇషినొమాకి యను పట్టణమునకు చెందిన ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలును, పదిమంది ఉపాధ్యాయులును నీటిపాలైరి. బడి వెనుకనే కొండ కలదు. భూకంపము వచ్చిన పిదప నీరు వచ్చులోపల వారికి దాదాపు ఏబది నిమిషముల వ్యవధి చిక్కినది. ఆ సమయములో చాలభాగము బడి ఆవరణములోనే నిలిచి, ఎచ్చటికి పోవలయునో నిశ్చయించుకొనలేక గడిపిరి. ఉపాధ్యాయులు పిల్లలను విడిచి పారిపోలేదు, వారితోనే పోయిరి. అయినను 2018 ఏప్రిల్ నెలలో సెండాయి ఉన్నత న్యాయస్థానము ఆ పాఠశాలయు, పట్టణ విద్యాధికారులును తప్పు చేసిరని తీర్పు చెప్పినది. ఆనాటికి చాల ముందే, ఎచ్చటికి ఏ దారిన పోవలయునో నిర్ణయించి యుంచకపోవుటకు వారిని బాధ్యులను చేసినది. ప్రభుత్వపు పటములో ఆ బడి ముంపునకు వెలుపల నున్నట్లు చూపబడియుండెను. ఆ పటమును నమ్మి ఊరకుండక, తామే స్వయముగ పరీక్షించుకొనవలసి యుండెనని న్యాయమూర్తులు పలికిరి. 2019లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమును ఆ తీర్పునే నిలిపినది.

ఈ తీర్పు కఠినమని కొందరికి తోచవచ్చును. మాకు మాత్రము అది దయతో కూడిన తీర్పుగనే తోచుచున్నది. ఎందువలననగా, ఆపద ముంచుకొనివచ్చిన గడియలో దిక్కుతోచక నిలిచిన ఉపాధ్యాయునిపై భారమంతయు మోపక, తీరికయున్న నాడు కుర్చీలలో కూర్చుండి ఆలోచింపవలసినవారిపై మోపినది. ఇక్కడ ఒక ధర్మసందేహము తీరుచున్నది. ఉపాధ్యాయుడు తన ప్రాణమొడ్డి పిల్లలను కాపాడవలెనా యని పలువురడుగుదురు. అట్లు చేసినవారికి చేతులెత్తి మ్రొక్కుదము. కాని జీతమునకు పాఠము చెప్పు మనిషిని ప్రాణము లిమ్మని అడుగుటకు మనకెవరికిని హక్కు లేదు. ఏర్పాట్లు సరిగానున్న చోట వీరులతో పని యుండదు. వీరత్వము కావలసివచ్చినదనిన, అంతకుముందే ఎవరో తమ మామూలు పనిని మానివేసిరని అర్థము.

అదే ఉప్పెననాడు అదే తీరమున కమాయిషి యను పట్టణమున మరియొక విధముగ జరిగినది. అచ్చటి పిల్లలకు చాలకాలముగ అభ్యాసము చేయించియుండిరి. భూమి కంపించిన వెంటనే పెద్ద తరగతుల పిల్లలు పరుగెత్తిరి. త్రోవలో చిన్నపిల్లల చేతులు పట్టుకొని ఎత్తైన చోటికి పోయిరి. మొదట చేరిన చోటు చాలదని తోచి ఇంకను పైకి పోయిరి. ఆ పట్టణమున ఆనాడు బడులలో నున్న దాదాపు 3,000 మంది పిల్లలు ప్రాణములతో బయటపడిరి. సముద్రము ఒకటే, దినము ఒకటే. నుదుటివ్రాత ఊరిని బట్టి మారునా? మారినది అభ్యాసము.

ఇది పరదేశపు ముచ్చట యందురేమో. మన బరంపురము ప్రక్కకే రండు. 1999 అక్టోబరు 29వ తేదీన ఒరిస్సా తీరమును తాకిన మహాతుఫానులో దాదాపు 10,000 మంది చనిపోయిరి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ యను అతి తీవ్రమైన తుఫాను గోపాలపురము వద్దనే తీరము దాటినది. ఆ ప్రాంతమున మన తెలుగువారు ఎందరు కలరో చెప్పనక్కరలేదు. అప్పటికి ముందే దాదాపు పదిలక్షల మందిని సురక్షిత స్థలములకు తరలించియుండిరి. ఈసారి మృతుల సంఖ్య నూరునకు చాల లోపుననే ఆగినది. నడుమ గడచిన పదునాలుగేండ్లలో తీరమున కట్టిన తుఫాను రక్షణగృహములు అనేకము మామూలు దినములలో బడులుగనే నడచుచున్నవి. బడి కట్టడము గట్టిదైనచో అది పిల్లలనే కాదు, ఊరినంతటిని కాపాడునని దీనివలన తేలుచున్నది.

మరల కుంభకోణమునకు వత్తము. ఆ ప్రమాదమునకు పిమ్మట తమిళనాడు ప్రభుత్వము పాఠశాలలందలి ఆకుకప్పులను తొలగింప నాజ్ఞాపించినది. న్యాయవిచారణ పది సంవత్సరములు సాగి, 2014 జూలై 30వ తేదీన తంజావూరు న్యాయస్థానము పదిమందిని దోషులుగ నిర్ణయించి, పదునొకండుగురిని విడిచిపెట్టినది. 2017లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమునందు శిక్షలు తగ్గినవి, కొందరు విడుదలైరి. ఆ ముద్దాయిలలో బడి నడుపువారే కాక, విద్యాశాఖ కార్యాలయములలో పనిచేసిన ఉద్యోగులును ఉండిరి. ఎవరిది ఎంత తప్పు అనుట న్యాయమూర్తుల పని. అందు మేము తలదూర్చము. కాని కార్యాలయపు బల్లవద్ద జీవితము గడపిన మాకు ఆ పట్టిక ఒక విషయమును బోధించినది. పదిమందిలో పాము చావదని మన సామెత. కట్టడమునకు యోగ్యతాపత్రము ఒకరు వ్రాయుదురు, దానిని చూచి గుర్తింపు ఒకరు ఇత్తురు, ఆ గుర్తింపును చూచి తల్లిదండ్రులు బిడ్డను చేర్తురు. ప్రతివారును తమ ముందువారు చూచియుందురని నమ్ముదురు. చివరకు వంటయింటి పొయ్యికిని ఆకుల కప్పునకును నడుమ ఎన్ని మూరల ఎడమున్నదో కన్నులార చూచినవాడొక్కడును ఉండడు. 'సరిగానున్నది' అను మాట కాగితముపై ఎక్కిన తరువాత, నిజముగ సరిగానున్నదా యని అడుగువాడు అధికప్రసంగి యగును. బాధ్యతను పంచుకొనిన కొలది ఒక్కొక్కరి వాటా తగ్గునని మనము పొరపడుచుందుము. అప్పుల విషయమున అది నిజము కావచ్చును. బిడ్డ ప్రాణము విషయమున ప్రతివాని వాటాయును సంపూర్ణమే.

చట్టము ఈ విషయమున వెనుకబడి లేదు. కుంభకోణపు దుర్ఘటన మీద వేసిన వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13వ తేదీన తీర్పు చెప్పుచు, బిడ్డకు విద్యాహక్కు కలదనిన సురక్షితమైన బడిలో చదువుకొను హక్కును అందు చేరియున్నదని నిర్ణయించినది. పాఠశాలలందు మంటల నార్పు పరికరము లుండవలెననియు, కట్టడములు నియమానుసారము పరీక్షింపబడవలెననియు, ఉపాధ్యాయులకు శిక్షణ ఈయవలెననియు ఆదేశించినది. అదే సంవత్సరము వెలువడిన విద్యాహక్కు చట్టము అన్ని కాలములకు నిలుచు కట్టడముండవలెనన్నది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు పాఠశాలల రక్షణకు మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. ఆజ్ఞలకు కొదువ లేదు. కొదువయున్నది చూచు కన్నులకు.

"చిన్న బడులకు ఇంత ధనమెక్కడిది?" యని అడుగువారు కలరు. గట్టి కప్పునకు ధనము కావలెను, నిజమే. కాని తలుపు బయటికి తెరచుకొనునట్లు అమర్చుటకు, మెట్లమీద పాతబల్లలను పేర్చకుండుటకు, వంటపొయ్యిని తరగతులకు దూరముగ నుంచుటకు, ఇసుకబాల్చీలను నిండుగ నుంచుటకు, తాళపుచెవి ఎవరివద్దనున్నదో అందరికిని తెలియుటకు ఎంత ధనము కావలెను? 101, 112 అను సంఖ్యలను గోడమీద పెద్దవిగ వ్రాయుటకు ఒక సుద్దముక్క చాలును. నడువలేని బిడ్డను ఎవరు ఎత్తుకొనిపోవలయునో ముందుగ నిర్ణయించుటకు ఒక మాట చాలును. ఆరునెలలకొకసారి గంట కొట్టి, పిల్లలందరును వరుసగ మైదానమునకు వచ్చుట, ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చేతబట్టుకొని వచ్చి అచ్చట పేర్లు పిలుచుట, ఇది పావుగంట పని. హాజరుపట్టీ యనిన గుమాస్తాలమైన మాకు సహజముగ అభిమానము మెండు. కాని దాని నిజమైన విలువ జీతపు లెక్కలలో లేదు. ఎవరు ఇంకను లోపలనున్నారో చెప్పగల పుస్తకము అదియొక్కటియే.

"పిల్లలకు ఇట్టివి నేర్పినచో భయపడుదురు" అనువారును కలరు. భయము వేరు, జాగ్రత్త వేరు. చీకటిగదిలో ఏమున్నదో తెలియనివాడు భయపడును. దీపమెక్కడనున్నదో తెలిసినవాడు భయపడడు. బావిలో పడునని బిడ్డకు బావినే చూపకుండ పెంచినవారికంటె, ఈత నేర్పినవారే బిడ్డ మేలు కోరినవారు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, ఆపద వచ్చిన నాడు దారి నేర్పబోయిన ఎవరికి పట్టుబడును?

తుదకు మన సంఘముల మాట. మనము పొరుగు భాషల నడుమ నివసించుచు, మన బిడ్డల నోట తెలుగు నిలువవలెనని ఆదివారపు తరగతులు నడుపుచున్నాము. అవి పెక్కుచోట్ల అద్దె మేడగదులలోనే జరుగుచున్నవి. ఉగాదికి పందిరి వేసి, పిల్లలచే నాటకములాడించి, బహుమతులు పంచుచున్నాము. 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానాలోని డబ్వాలీ పట్టణమున జరిగినది కూడ ఒక పాఠశాలవారి బహుమతుల పండుగయే. షామియానాకు నిప్పంటుకొనినది, బయటపడుటకు ద్వారము ఒక్కటియే. 400 మందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలే అధికము. ఆనాడు అచ్చట చేరిన తల్లిదండ్రులు మనవంటివారే. పిల్లల ఆట చూడవచ్చినవారే. "మాది బడి కాదు, సంఘము మాత్రమే" యని మనము చెప్పజాలము. ఇతరుల బిడ్డను రెండు గంటలు మన కప్పు క్రింద కూర్చుండబెట్టుకొన్నను అది ఇల్లడయే. మాతృభాషపై ప్రేమ ఆ లెక్కలో మినహాయింపు తేదు. పైపెచ్చు భారమును పెంచును. భాషను బ్రతికించుకొనుటకు బిడ్డను పిలిచినవారము, ముందు బిడ్డ బ్రతుకునకు పూచీపడవలెను.

కావున మన కార్యవర్గమువారికి మా విన్నపమిది. రాబోవు ఉగాది పందిరికి రెండు ద్వారములు తక్కువ కాకుండ పెట్టింపుడు. విద్యుత్తు తీగలను తెలిసినవానిచే చూపింపుడు. వంట గాడిపొయ్యిని పందిరికి దూరముగ త్రవ్వింపుడు. ఆదివారపు తరగతి జరుగు మేడమెట్లను మీరే ఒకమారు ఎక్కి దిగి చూడుడు. పత్రములను చూచి తృప్తిపడకుడు. పిల్లల పేర్ల పట్టీ ఒకటి వ్రాయించి, వచ్చునపుడును పోవునపుడును పేర్లు పిలువుడు. ఈ పనికి ఒక సభ్యుని నియమించి, ఆయన పేరును అందరికి తెలియజేయుడు; అందరి పని యనిన ఎవరి పనియు కాకపోవును. ఇవన్నియు చేసిన తరువాతను మనుష్యుని శక్తికి మించినది ఏదేని సంభవించినచో, అప్పుడు దానిని విధి యని పలుకుదము. అంతవరకు ఆ మాటకు రెండవ యర్థమే మనకు వర్తించును.